వెలుగుతో పసిడిని పసిగట్టేదిలా..

* రాతిలో, మట్టిలో బంగారం జాడ తెలిపే పరావర్తిత కాంతి
* మెరుపు ఆనవాలు మాత్రమే.. ఎంత ఉన్నదో తేల్చేది తూకమే
* కాకిబంగారాన్ని నమ్మి నష్టపోవద్దు

కర్నూలు: తొలకరి జల్లులు పడగానే తుగ్గలి మండలంలోని జొన్నగిరి, పగిడిరాయి, ఎర్రగుడి పొలాలలో జనసంచారం పెరుగుతుంది. వజ్రం దొరకకపోతుందా అన్న ఆశతో ఇతర జిల్లాల నుంచి సైతం ప్రజలు తరలివచ్చి, వాన కడిగిన మట్టిలో తల వంచి వెతుకుతుంటారు. వజ్రం మాట ఎలా ఉన్నా పసుపుపచ్చగా మెరిసే రాతి ముక్కలు మాత్రం ఎందరి చేతికో తగులుతుంటాయి. అది బంగారమా, కాదా? ఉంటే ఎంత ఉన్నది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానాలు వేర్వేరు. మొదటి ప్రశ్నకు వెలుగు చాలావరకు బదులు చెబుతుంది. రెండో ప్రశ్నకు వెలుగు బదులు చెప్పదు. ఈ తేడా తెలియకనే మోసాలకు, వృథా ఖర్చులకు తావు ఏర్పడుతున్నది.

ఈ ప్రాంతంలో బంగారం ఉన్న మాట వాస్తవమే. 250 కోట్ల సంవత్సరాలకు పైబడిన ధార్వార్ షిస్టు శిలలు కర్ణాటక నుంచి రాయలసీమలోనికి పట్టీలుగా చొచ్చుకువచ్చాయి. కోలారు, హట్టి గనులు అటువంటి శిలలలోనివే. ప్రస్తుతం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న రామగిరి, చిత్తూరు జిల్లాలోని చిగురుగుంట గనులు కూడా ఈ కోవలోనివే. భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఆధ్వర్యంలో నడిచిన ఈ గనులు 2001లో మూతపడ్డాయి. స్వాతంత్ర్యానంతరం ప్రైవేటు రంగంలో చేపట్టిన బంగారు గని ప్రాజెక్టు జొన్నగిరి పరిసరాలలోనే ఉన్నది. ఎర్రగుడిలోని అశోకుని శాసనాలను ఆధారం చేసుకుని, నాటి సువర్ణగిరి ఇదేనని కొందరు చరిత్రకారులు భావించారు.

వన్నె అంటే వెలుగే

తెలుగులో వన్నె అంటే రంగు. బంగారం స్వచ్ఛతకు కొలమానమూ ఆ మాటే. పదహారు వన్నెల బంగారం అంటే మేలిమి అని పెద్దలకు తెలుసు. కంసాలి నల్లని గీటురాయిపై నగను గీసి, ఆ గీత పక్కనే స్వచ్ఛత తెలిసిన కడ్డీతో మరో గీత గీసి, రెండింటి రంగును పోల్చి చూస్తాడు. రాగి కలిస్తే గీత ఎర్రబారుతుంది. వెండి కలిస్తే పాలిపోతుంది. పరావర్తిత కాంతితో బంగారాన్ని పరీక్షించడం అంటే ఇదే. ప్రయోగశాలలో జరిగేదీ మూలంలో ఈ పనే. కంటికి బదులు కొలిచే సాధనం ఉంటుంది, అంతే తేడా.

వస్తువుపై పడిన కాంతి తిరిగి రావడాన్ని పరావర్తనం అంటారు. వెండి దాదాపు అన్ని రంగులను సమానంగా తిప్పి పంపుతుంది. అందుకే తెల్లగా కనిపిస్తుంది. బంగారం నీలి కాంతిని చాలావరకు తనలో ఇముడ్చుకుని పసుపు, ఎరుపు రంగులను తిప్పి పంపుతుంది. బరువైన బంగారు పరమాణువులో ఎలక్ట్రాన్ల వేగం కాంతి వేగంతో పోల్చదగినంతగా ఉంటుంది. దాని వలన వాటి శక్తి స్థాయిల మధ్య దూరం తగ్గి, వెండిలో అతినీలలోహిత కిరణాల వద్ద జరిగే శోషణ బంగారంలో నీలి రంగు వద్దకు జరుగుతుంది. పసిడి పసుపు రంగుకు ఇదే కారణం.

భ్రమింపజేసేవి మూడు

పొలంలో పసుపుపచ్చగా మెరిసే వాటిలో ప్రధానమైనవి మూడు.

మొదటిది అభ్రకం. జనం కాకిబంగారం అనేది దీనినే. గోటితో గీకితే పొరలు పొరలుగా లేస్తుంది. నీటిలో వేస్తే పలుచని రేకులు తేలికగా కొట్టుకుపోతాయి.

రెండోది పైరైట్. ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. లేత ఇత్తడి రంగులో, తరచుగా పాచిక ఆకారంలో ఉంటుంది. సుత్తితో కొడితే పొడి అవుతుంది.

మూడోది చాల్కోపైరైట్. ఇనుము, గంధకాలతో పాటు రాగి ఉన్న ఖనిజం. ఆయుర్వేదంలో స్వర్ణమాక్షికం పేరిట పరిచితమైనది ఇదే. ముదురు పసుపు రంగు వలన అందరినీ ఎక్కువగా భ్రమింపజేసేదీ ఇదే.

ఖర్చు లేకుండా ఇంటి వద్దనే చేసుకోదగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. రాయిని ఎండలో చూసి, తరువాత నీడలోనికి తెచ్చి చూడాలి. అటూ ఇటూ తిప్పాలి. అభ్రకం, పైరైట్ ఒక కోణంలో తళుక్కుమని మరో కోణంలో మసకబారతాయి. అవి చదునైన ముఖాలతో అద్దపు ముక్కలవలె కాంతిని ఒక వైపునకు పంపడమే దీనికి కారణం. బంగారు రేణువు ఏ వైపు నుంచి చూసినా, నీడలోనైనా అదే పసుపుతో నిలకడగా కనిపిస్తుంది. సూదితో నొక్కితే బంగారం సొట్టపడుతుంది, పైరైట్ పగులుతుంది, అభ్రకం పొర లేస్తుంది. మెరుగు లేని పింగాణీ పెంకుపై గీస్తే బంగారం పసుపు గీత ఇస్తుంది. పైరైట్, చాల్కోపైరైట్ ఆకుపచ్చ ఛాయ గల నల్లని గీత ఇస్తాయి. ఈ గీత పరీక్ష ఒక్కటే చాలామంది సందేహాన్ని అక్కడికక్కడే తీరుస్తుంది.

నునుపుదేలిన రాతిపై పైనుంచి వెలుగు

వైద్య పరీక్షా కేంద్రాలలో ఉండే సూక్ష్మదర్శినిలో కాంతి కింది నుంచి వచ్చి పలుచని నమూనా గుండా పైకి పోతుంది. లోహ ఖనిజాల గుండా కాంతి పోదు. కనుక ధాతువులను చూసే సూక్ష్మదర్శినిలో దీపం పైన ఉంటుంది. పక్క నుంచి వచ్చిన కాంతిని లోపలి సగం అద్దం కిందికి మళ్లిస్తుంది. అది కటకం గుండా దిగి, రాతిపై పడి, అదే కటకం గుండా తిరిగి కంటిని చేరుతుంది.

ఇందుకు రాతిని సిద్ధం చేయడమే పెద్ద పని. రాతి ముక్కను గాని, కడిగి వేరు చేసిన రేణువులను గాని రెసిన్‌లో బిళ్లగా పోత పోస్తారు. ఆపై గరుకు పొడులతో అరగదీసి, చివరగా ఒక మైక్రాన్, అంతకంటె సన్నని వజ్రపు పొడి ముద్దతో అద్దంలా మెరుగు పెడతారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇక్కడ ఏమరుపాటు పనికిరాదు. బంగారం మెత్తనిది, పక్కనున్న పలుగురాయి గట్టిది. తొందరపడితే బంగారంపై గీతలు పడి దాని కాంతి తగ్గిపోతుంది. పరికరాల నుంచి రాలిన ఇత్తడి తునక సైతం బంగారంగా భ్రమింపజేస్తుంది.

తిరిగి వచ్చే కాంతిని నీలి, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ప్రాంతాలలోని నాలుగు ప్రామాణిక తరంగదైర్ఘ్యాల వద్ద కొలుస్తారు. అవి వరుసగా 470, 546, 589, 650 నానోమీటర్లు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. పడిన కాంతిలో తిరిగి వచ్చే భాగం ఆయా ఖనిజాలకు ఉజ్జాయింపుగా ఇలా ఉంటుంది.

* బంగారం: నీలి వద్ద 35 శాతం, ఆకుపచ్చ వద్ద 70 శాతం, పసుపు వద్ద 80 శాతం పైన, ఎరుపు వద్ద 90 శాతానికి చేరువ.
* పైరైట్: నీలి నుంచి ఎరుపు వరకు 45 – 55 శాతం మధ్యనే.
* చాల్కోపైరైట్: నీలి వద్ద 30 శాతం పైన, మిగిలిన రంగుల వద్ద 40 – 50 శాతం మధ్య.
* ఆర్సెనోపైరైట్: అన్ని రంగులలోనూ 50 శాతం చుట్టుపక్కల. కనుక తెల్లగా కనిపిస్తుంది.
* పలుగురాయి: 5 శాతం లోపు. కనుక దాదాపు నల్లగా కనిపిస్తుంది.

నీలి నుంచి ఎరుపునకు ఇంత నిటారుగా ఎగబాకే ఖనిజం మన ధాతు శిలలలో బంగారం తప్ప వేరొకటి సాధారణంగా కనిపించదు. ఒకసారి చూసిన కన్ను దానిని మరచిపోదు. నల్లని పలుగురాతి నేపథ్యంలో, పాలిపోయిన పైరైట్ పక్కన, చిన్న బంగారు రేణువు దీపం వెలిగించినట్లు ఉంటుంది. వెండి పాలు పెరిగే కొద్దీ నీలి వద్ద పరావర్తనం పెరిగి రేణువు తెల్లబారుతుంది. గీటురాయిపై కంసాలి చూసేదీ ఈ మార్పునే.

ఈ పరిశీలన బంగారం ఉన్నదా లేదా అన్నదానితో ముగియదు. రేణువు పలుగురాయి బీటలలో విడిగా ఉన్నదా, పైరైట్ లోపల చిక్కుకున్నదా, దాని పరిమాణం ఎన్ని మైక్రాన్లు అన్నదీ కనిపిస్తుంది. విడిగా ఉంటే రాతిని ఓ మోస్తరుగా నలగగొట్టి కడిగితే చాలు. లోపల చిక్కుకుంటే మరింత మెత్తగా పొడి చేయవలసి ఉంటుంది. గని లాభసాటి అవుతుందా కాదా అన్నది చాలాసార్లు ఈ ఒక్క అంశంపైనే ఆధారపడి ఉంటుంది.

టన్నుకు పెసరగింజంత!

ఇంత స్పష్టమైన ఆనవాలు ఉన్నప్పటికీ చిక్కు ఎక్కడున్నది? బంగారం పరిమాణంలో ఉన్నది. టన్ను రాతిలో ఒక గ్రాము బంగారం ఉన్నదనుకుందాం. అంటే పది లక్షల పాళ్లలో ఒక పాలు. బంగారం నీటి కంటె 19 రెట్లకు పైగా బరువైనది కనుక గ్రాము బంగారం దాదాపు పెసరగింజంత ఉంటుంది. ఆ గింజను దుమ్ముగా నూరి టన్ను రాతిలో చల్లినట్లు ఊహించుకోవాలి.

అటువంటి రాతి నుంచి 25 మిల్లీమీటర్ల వ్యాసం గల బిళ్ల తయారు చేస్తే, దాని ఉపరితలంపై ఉండదగిన బంగారమంతా సగటున ఎనిమిది మైక్రాన్ల చదరపు చుక్కకు మించదు. అది తల వెంట్రుక మందంలో దాదాపు పదో వంతు. పది బిళ్లలు చూసినా ఒక్క రేణువూ కనిపించకపోవచ్చు. అంతమాత్రాన బంగారం లేదని కాదు. అలాగే మొదటి బిళ్లలోనే పెద్ద రేణువు కనిపించవచ్చు. అంతమాత్రాన కొండంతా బంగారమని కాదు.

అందుకే నమూనాను ముందుగా పొడి చేసి, నీటిలో తిప్పి, తేలిక రేణువులను వదిలించి, అడుగున మిగిలిన బరువైన పొడిని మాత్రమే బిళ్లగా పోస్తారు. పూర్వం వాగుల ఇసుకను చెక్క మరిగెలలో కడిగిన జాలగరులు చేసినదీ ఇదే. పైరైట్ నీటికి ఐదు రెట్లు, అభ్రకం మూడు రెట్లు మాత్రమే బరువు. కనుక అడుగున చివరికి మిగిలేది బంగారం.

మట్టిలో వెతికేది బంగారాన్ని కాదు

ఇక మట్టి సంగతి. మట్టి నమూనాపై కాంతి ప్రసరింపజేసి, తిరిగి వచ్చిన దానిని 350 నుంచి 2,500 నానోమీటర్ల వరకు కొలిచే చేతి పరికరాలు ఉన్నాయి. వాటిని వర్ణపటమాపకాలు అంటారు. ఇందులో అధిక భాగం కంటికి కనిపించని పరారుణ కాంతి. అయితే పది లక్షల పాళ్లలో ఒక పాలుగా ఉన్న బంగారం ఈ వర్ణపటంలో ఎటువంటి గుర్తునూ చూపదు. మరి ఉపయోగం ఏమిటి?

భూమి లోపలి నుంచి బంగారాన్ని మోసుకువచ్చిన వేడి నీరు తాను పారిన బీటల వెంబడి రాతినే మార్చివేసింది. ఫెల్డ్‌స్పార్ వంటి ఖనిజాలు సన్నని తెల్ల అభ్రకంగా, మరికొన్ని కార్బొనేట్లుగా, క్లోరైట్‌గా మారాయి. బంగారం చారెడంత వెడల్పున ఉంటే ఈ మార్పు దాని ఇరువైపులా మీటర్ల కొద్దీ విస్తరించి ఉంటుంది. వర్ణపటమాపకం వెతికేది ఈ మార్పునే. తెల్ల అభ్రకం 2,200 నానోమీటర్ల సమీపంలో కాంతిని మింగి గుంట చూపుతుంది. కార్బొనేట్లు, క్లోరైట్ 2,300 – 2,350 మధ్య గుంటలు చూపుతాయి. పైరైట్ తుప్పుపట్టగా ఏర్పడిన గోథైట్, హెమటైట్ వంటి ఇనుప ఖనిజాలు 850 – 950 మధ్య వెడల్పయిన గుంటతో బయటపడతాయి.

నమూనా సేకరణలో జాగ్రత్తలు అవసరం. తడి మట్టిలోని నీరు 1,400, 1,900 నానోమీటర్ల వద్ద కాంతిని బలంగా మింగి తక్కిన గుర్తులను కప్పివేస్తుంది. అందుచేత మట్టిని నీడలో ఆరబెట్టి, జల్లెడ పట్టి, ఒకే తరహా దీపం కింద, తెల్లని ప్రామాణిక పలకతో పోల్చి కొలవాలి. ఎరువు వేసిన, చెరువు మట్టి తోలిన పొలం పైపొర నమ్మదగినది కాదు. దాని కింది పొర నుంచి తీసుకోవాలి. ఈ ప్రాంతపు నల్లరేగడిలోని బంకమన్ను కూడా 2,200 వద్దనే గుంట చూపుతుందన్నది మరువరాదు. గుంట ఆకారం, లోతు, పక్కనున్న గుంటలతో పోల్చి చూసిన తరువాతనే ఏ ఖనిజమో చెప్పగలుగుతారు. పైగా ఇక్కడి ఆకుపచ్చని షిస్టు శిలలలో క్లోరైట్ అంతటా ఉంటుంది. అది ఉన్నంత మాత్రాన బంగారం ఉన్నట్లు కాదు.

ఇదే సూత్రంపై ఆకాశం నుంచి కూడా అన్వేషణ సాగుతున్నది. 2015-16లో ఇస్రో, నాసా సంస్థలు సంయుక్తంగా విమానంలో అమర్చిన పరికరంతో దేశంలోని పలు ప్రాంతాలపై 400కు పైగా సన్నని రంగుల పట్టీలలో చిత్రాలు తీశాయి. 2018 నవంబరు 29న శ్రీహరికోట నుంచి హైసిస్ ఉపగ్రహాన్ని ఇస్రో ప్రయోగించింది. ఇవి చూపేది కూడా మార్పు చెందిన ఖనిజాలనే గాని బంగారాన్ని కాదు. పైరు, చెట్టు, మట్టి కప్పిన చోట కింది రాతి గురించి ఇవి చెప్పగలిగింది స్వల్పం.

వెలుగుకు చిక్కని బంగారం

కొన్ని గనులలో బంగారం రేణువులుగా కాక, పైరైట్, ఆర్సెనోపైరైట్ స్ఫటికాల నిర్మాణంలోనే పరమాణువులుగా ఇమిడిపోయి ఉంటుంది. దానిని అదృశ్య బంగారం అంటారు. ఎంత గొప్ప సూక్ష్మదర్శినికైనా అది కనిపించదు. మెరుపు లేని రాతిలో పసిడి ఉండవచ్చు, మెరుపున్న రాతిలో లేకపోవచ్చు అన్న సంగతి దీని వలన స్పష్టమవుతున్నది.

నగల దుకాణాలలో క్యారెట్లు చూపే ఎక్స్-రే యంత్రంతో రాతిని పరీక్షించి చెప్పమని అడిగేవారూ ఉంటారు. నగలో బంగారమే అధిక భాగం కనుక అక్కడ ఆ యంత్రం సరిపోతుంది. టన్నుకు గ్రాము, రెండు గ్రాముల స్థాయిని అటువంటి యంత్రం నమ్మకంగా పట్టుకోలేదు. పైగా జింకు, ఆర్సెనిక్ వంటి మూలకాలు ఉంటే వాటి సంకేతాలను బంగారంగా పొరబడే ప్రమాదమూ ఉన్నది.

తుది తీర్పు కొలిమిదే

ఎంత ఉన్నదో తేల్చేది అగ్నిపరీక్ష. 30 లేదా 50 గ్రాముల రాతి పొడిని సీసపు ఆక్సైడు, ఇతర ద్రావకాలతో కలిపి వెయ్యి డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడిలో కరిగిస్తారు. కరిగిన సీసం పొడిలోని బంగారాన్ని, వెండిని తనలో కలుపుకుని అడుగుకు చేరుతుంది. ఆ సీసపు గుండును సచ్ఛిద్రమైన మూసలో మళ్లీ వేడి చేస్తే సీసం ఆక్సైడుగా మారి మూసలోనికి ఇంకిపోయి, చిన్న పూస మిగులుతుంది. నత్రికామ్లంతో వెండిని తొలగించి, మిగిలిన బంగారాన్ని తూచుతారు. శతాబ్దాల నాటి ఈ పద్ధతినే నేటికీ గనుల సంస్థలు ప్రమాణంగా పాటిస్తున్నాయి.

ఇందులోనూ ఒక మెలిక ఉన్నది. టన్నుకు గ్రాము ఉన్న రాతిలో 30 గ్రాముల పొడి తీస్తే అందులో ఉండవలసిన బంగారమంతా మిల్లీమీటరులో ఏడో వంతు వ్యాసం గల ఒక్క గుండ్రని రేణువుతో సమానం. ఆ రేణువు ఈ పొట్లంలో పడితే ఫలితం ఒకలా, పక్క పొట్లంలో పడితే మరోలా వస్తుంది. అందుచేత ఒక్క రాయి, ఒక్క పరీక్ష ఆధారంగా ఏ సంస్థా నిర్ణయం తీసుకోదు. వరుసగా కందకాలు తవ్వి, బోర్లు వేసి, వందల నమూనాలను పరీక్షించిన పిదపనే నిక్షేపం గురించి మాట్లాడతారు.

పాటించవలసినవి..

* మెరిసే రాయి దొరికితే ముందు పింగాణీ పెంకుపై గీసి చూడాలి. నల్లని గీత పడితే అది బంగారం కాదు.
* దొరికిన చోటును గుర్తు పెట్టుకోవాలి. వాగులో కొట్టుకువచ్చిన రాయికి, కొండలో ఉన్న రాతికి విలువ వేరు. ఎక్కడిదో తెలియని నమూనా వలన భూగర్భ శాస్త్రవేత్తకు ప్రయోజనం స్వల్పం.
* దీపం వేసి లేదా తెరపై రంగులు చూపి పొలంలో ఇన్ని కిలోల బంగారం ఉన్నదని ఎవరైనా చెబితే నమ్మరాదు. కాంతి ఏ ఖనిజమో చెప్పగలదు గాని నేల లోపల ఎంత ఉన్నదో తూచి చెప్పలేదు. పైగా అపారదర్శకమైన మట్టిలోనికి అది చొచ్చుకుపోదు. అటువంటి మాటలపై బయానా ఇవ్వడం, పొలం తాకట్టు పెట్టడం తగదు.
* ఇంటి వద్ద పాదరసం, ఆమ్లాలతో ప్రయోగాలు ప్రాణాంతకం. పాదరసపు ఆవిరి కంటికి కనిపించదు, వాసన రాదు.
* 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం లీజు లేకుండా తవ్వకాలు జరపడం నేరం. సందేహం ఉంటే జిల్లాలోని గనులు, భూగర్భ శాఖ కార్యాలయాన్ని సంప్రదించవచ్చు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దక్షిణ ప్రాంతీయ కార్యాలయం హైదరాబాద్‌లోని బండ్లగూడలో ఉన్నది.